మోటర్ మంచిదే, ముంచింది బుష్

మా పాత కారు ముందు అద్దానికి నీళ్లు కొట్టే వాషర్ మోటర్ పోతే, కంపెనీది కొనకుండా హన్మకొండలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో లోకల్ మోటర్ తెచ్చి నేనే బిగించుకున్నాను. 2023 వానాకాలం ముచ్చట. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "అరగంట పని, మెకానిక్ ఎందుకు దండగ" అని చెప్పుకుంటూ తిరిగాను.

మోటర్ మీద నాకు ఫిర్యాదు లేదు. నేటికీ అదే నడుస్తోంది. కోపమంతా ట్యాంకు రంధ్రంలో దాని మెడ చుట్టూ కూర్చునే రబ్బరు బుష్ మీద. కొత్త మోటర్ డబ్బాలో బుష్ రాలేదు. పాతది చూడ్డానికి బాగానే ఉంది కదా అని అందులోనే మోటర్ నొక్కేశాను. వేలితో వంచి చూస్తే తెలిసేది, అది ఎండి చెక్కలా అయిందని.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పొద్దున్నే బయల్దేరాం. ములుగు దాటి పస్రా వైపు పోతుంటే ముందంతా బస్సులు, ట్రాక్టర్లు, వాటి వెనక దుమ్ము. పైగా ఎదురెండ. లివర్ లాగాను. మోటర్ గుర్రుమంది, చుక్క పడలేదు. వైపర్లు మాత్రం ఠంచనుగా లేచి దుమ్మునంతా అద్దానికి పూసి పెట్టాయి. ఆ సన్న గీతలు ఇప్పటికీ ఉన్నాయి, రాత్రి ఎదురు లైట్లు పడితే మెరుస్తాయి. పక్కకు ఆపితే, ఒళ్లో బంగారం (అమ్మలకు మొక్కే బెల్లం) మూట పెట్టుకొని కూర్చున్న మా ఆవిడ దిగి, తాగే నీళ్ల సీసా అద్దం మీద గుమ్మరించింది.

"మొన్ననే నింపిన గదా, నీళ్లెటు పాయె?"

"రోజూ కారు కింద తడి ఉంటలేదా?"

"అది ఏసీ నీళ్లు."

"చలికాలంల ఏసీ ఎవలేసిన్రు?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక బుద్ధిగా బుష్ మార్చకుండా మొదట ఎం-సీల్ పెట్టాను. ఆ ట్యాంకు ప్లాస్టిక్‌కు ఏదీ అంటుకోదట. పది రోజుల్లో పెచ్చులా ఊడింది. చివరికి కొత్త బుష్ కొన్నాను, రెండు చాయ్‌ల పైసలంత. సబ్బు నీళ్లు రాసి ఎక్కిస్తే జారి కూర్చుంది. నూనె రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ట్యాంకు నిండా నీళ్లు పోసి, కింద అట్టముక్క వేసి, రాత్రంతా వదిలేశాను. తెల్లారి అట్ట పొడిగా ఉంది. 2026 జనవరి జాతరకూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇక ఆ అరగంట సంగతి. బుష్ మార్చిన రెండోసారి అరగంటే. మొదటిసారి మాత్రం ఎడమ ముందు చక్రం వెనక ఉన్న ప్లాస్టిక్ షీటు ఊడదీయడానికే సగం ఆదివారం పోయింది, రెండు క్లిప్పులు విరిగాయి. వెనక వైపర్ కూడా ఉన్న కారు కాబట్టి మోటర్‌కు రెండు మూతులు. ఒకవైపు తిరిగితే ముందుకు, రెండోవైపు తిరిగితే వెనక్కి నీళ్లు పోతాయి. పైపులు తారుమారు చేశాను. ముందుకు నొక్కితే వెనక అద్దం తడిసింది. గల్లీ పిల్లలు "అంకుల్, ఇంకోసారి!" అని మళ్లీ మళ్లీ కొట్టించారు.

లోకల్ మోటర్ కొనొచ్చా అంటే, నా కారు ఎక్కువగా హన్మకొండ నుంచి కాజీపేట దాకా పోయొస్తుంది, వారానికి రెండుసార్లు నొక్కితే గొప్ప. నాకు సరిపోయింది. రోజూ హైదరాబాద్ హైవే మీద లారీల వెనక పోయేవాళ్లయితే కంపెనీదే వేయించుకోండి, బుష్‌తో సహా. ఏదీ కొనకముందు లివర్ లాగి చెవి పెట్టండి. మోటర్ చప్పుడు వస్తుంటే ముందు నీళ్లున్నాయా, పైపు ఊడిందా, అద్దం మీదికి నీళ్లు చిమ్మే జెట్ మూసుకుపోయిందా చూడండి. చప్పుడే లేకపోతే మొదట ఫ్యూజ్ చూడండి.

మా బోరు నీళ్ల ఉప్పుకు జెట్లు తరచూ మూసుకుపోయేవి, గుండుసూదితో పొడిచేవాణ్ని. ఇప్పుడు ఎండాకాలంలో ఇంటి ఏసీ నీళ్లు బకెట్లో పట్టి, బట్టలో వడగట్టి, ట్యాంకులో పోస్తున్నాను. అందులో ఉప్పుండదు. అన్ని రోజులు ఏసీ మీద నింద వేసినందుకు, ఇప్పుడు దాని నీళ్లే మోస్తున్నాను.