ఎంటీబీకి రోడ్డు టైర్లు: లేపాక్షి రైడుకి ష్వాల్బే మారథాన్ 26×1.75

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో మనవాళ్ళ సైకిళ్ళు చూస్తే ఎంటీబీలే, అంటే కొండదారుల కోసం చేసిన మౌంటెన్ బైకులే ఎక్కువ కనిపిస్తాయి. కొండలెక్కేది తక్కువ, తారు మీద తొక్కేదే ఎక్కువ. లేపాక్షి రైడు అనుకోగానే కొత్త రోడ్డు సైకిలు కొనాలా అని మొదలుపెడతారు. అక్కర్లేదు. పోనూ రానూ సుమారు 240 కిలోమీటర్లు. హెబ్బాళ నుంచి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరిగేదాకా ఎన్‌హెచ్ 44 మీదే. టైర్లు మార్చుకుంటే ఉన్న సైకిలే సరిపోతుంది.

సైకిలుతో పాటు వచ్చిన 2.1 అంగుళాల వెడల్పు నాబీ (బొడిపెల) టైరు తారు మీద తిరుగుతున్నంతసేపూ ఒక్కో రబ్బరు బొడిపె వంగి లేస్తూ ఉంటుంది. మనం తొక్కే బలంలో కొంత అక్కడే వేడిగా పోతుంది. వినపడే ఆ గుర్రుమనే మోత కూడా దాందే. పది కిలోమీటర్లకి తెలియదు, వంద దాటాక మోకాళ్ళు చెబుతాయి.

ఈ దారికి మా ఓటు ష్వాల్బే కంపెనీ మారథాన్ 26×1.75కే (26 అంగుళాల చక్రానికి 1.75 అంగుళాల వెడల్పు టైరు). తేలికైన టైరు కాదు, ఒక్కోటి 800 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. మధ్యలో గీతలు తక్కువ, పక్కన నీళ్ళు పోవడానికి గాళ్ళు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రాత్రి మెరిసే పట్టీ. అసలు విషయం లోపల ఉంది: రోడ్డుకి తగిలే ట్రెడ్డు కింద 3 మిల్లీమీటర్ల మందాన గ్రీన్‌గార్డ్ అనే రబ్బరు పొర. హైవే అంచున లారీ టైర్లు పేలిన చోట వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ ముక్కలు పడి ఉంటాయి. మన పంక్చర్లలో చాలా వరకూ వాటి పనే. ఆ పొర వాటిని చాలాసార్లు ట్యూబు దాకా పోనివ్వదు. మట్టి అంచు మీదకి దిగితే పల్లేరు కాయలున్నాయి, వాటికీ ఇదే మందు.

కొనేముందు సైజు దగ్గర కళ్ళు తెరుచుకుని ఉండాలి. షాపులో 26×1.5 అడిగితే 26×1½ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ కావు. దశాంశంలో రాసిన 26 రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. 26×1½ అంటే 584, అంటే ఇప్పటి 27.5 రిమ్ముది. పాత లేడీస్ సైకిళ్ళ 26×1⅜ ఇంకోటి, అది 590. కాబట్టి అంగుళాలు వదిలేసి సైడ్‌వాల్ మీద చిన్నక్షరాల్లో ఉండే 47-559 లాంటి నంబరే చూడాలి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము. 29 ఎంటీబీ అయితే 622 రావాలి. రోడ్డు సైకిళ్ళ 700సీ టైర్లదీ అదే కొలత కనుక వాళ్ళకి ఎంచుకునే వీలెక్కువ.

సన్నటిదైతే ఇంకా స్పీడు కదా అని 35 మిల్లీమీటర్ల టైరుకి ఎగబడేవాళ్ళున్నారు. ఎంటీబీ రిమ్ము లోపలి వెడల్పు 25, 30 ఉంటే సన్న టైరు దాని మీద చదునుగా పరుచుకుంటుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే. 19 నుంచి 25 రిమ్ముకి 47 చక్కగా కూర్చుంటుంది.

బిగించడం కొంచెం మొండిపని, ఎందుకంటే దీని అంచు తీగ గట్టిది. ముందు రిమ్ టేపు స్పోకుల కన్నాలన్నిటినీ కప్పిందో లేదో వేలితో తడిమి చూడండి. సైడ్‌వాల్ మీది బాణం చక్రం తిరిగే వైపు ఉండాలి. ట్యూబుకి ఆకారం వచ్చేంత గాలి చాలు. వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. ఇది తిరగేస్తే చివరి జానెడు ఎక్కక చచ్చిపోతాం. వాల్వు ఉన్నచోట ట్యూబు అడ్డం వచ్చి అంచు రిమ్ము నడిమి గాడిలోకి దిగదు, దిగకపోతే అవతలి వైపు వదులు దొరకదు. అప్పుడు టైరు ఎక్కించే లివరుతో బలవంతం చేస్తే ట్యూబు నలిగి, పాము కరిచినట్టు రెండు కన్నాలు. 20 పీఎస్ఐ దగ్గర ఆపి రిమ్ము పక్కన కనిపించే గీత చుట్టూ సమానంగా ఉందా అని చూసి, తర్వాతే పూర్తిగా కొట్టాలి. ట్యూబు కూడా 1.75కి సరిపోయేదే కావాలి. 2.1 నుంచి మొదలయ్యే పాత ట్యూబు లోపల మడత పడి అక్కడే చిరుగుతుంది.

గాలి: 75 కిలోల మనిషికి వెనక 50, ముందు 45 పీఎస్ఐతో మొదలుపెట్టి చూసుకోండి, సైడ్‌వాల్ మీది గరిష్ఠం దాటొద్దు. రాయిలా కొట్టేస్తే గతుకు మీద ఎగురుతుందే తప్ప స్పీడు రాదు. తెల్లవారుజామున 20 డిగ్రీల్లో కొట్టిన గాలి మధ్యాహ్నం 38 డిగ్రీలకి మహా అయితే నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది, కంగారుపడి వదలక్కర్లేదు.

స్పీడోమీటరు మార్చడం మరవకండి. 26×2.1 చుట్టుకొలత 2068 మిల్లీమీటర్లు, 1.75ది 2023. పాత అంకె ఉంచేస్తే లేపాక్షి పోయొచ్చేసరికి ఐదు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. గొప్పలకి బాగుంటుంది గానీ, 200 కిలోమీటర్లని పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన బీఆర్ఎం అనే దూరపు సైకిలు రైడులో, మలుపుల దూరాలు రాసిన రూట్ షీటుతో పొసగదు.

లోపాలు లేకపోలేదు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బరువు తెలుస్తుంది. మట్టి తడిస్తే పట్టు తక్కువ, వానలో బెంగళూరు దగ్గరి నంది కొండ దిగేవాళ్ళు బ్రేకు ముందే పట్టాలి. రోడ్డు బాగుండి పంక్చరు వేసుకోవడం చేతనైతే ష్వాల్బే వాళ్ళదే కోజాక్ నయం, నున్నటి టైరు, చాలా తేలిక. పంక్చరు పేరెత్తితేనే భయపడేవాళ్ళకి మారథాన్ ప్లస్ ఉంది, దాని పొర 5 మిల్లీమీటర్లు, బరువు కిలో దాకా. లేపాక్షికి అది అతి అనే అంటాం. జేబు ఒప్పుకోకపోతే దేశీ సెమీ స్లిక్ (బొడిపెలు తక్కువున్న) 1.75 టైరు వేసుకుని రెండు ట్యూబులు అదనంగా పెట్టుకోండి.

ఏ టైరైనా సంచిలో పట్టకారు ఉండాలి. బాగేపల్లిలో టీకి ఆగినప్పుడు టైరు మీద గుడ్డ ముక్కతో ఒక చుట్టు నెమ్మదిగా తుడవండి. దారం పట్టుకున్న చోట తీగ ఉన్నట్టే. గోటికి అందదు, పట్టకారుతోనే లాగాలి.