వీధికుక్కలు: షెల్టరా, ఆపరేషన్ చేసి వదలడమా?

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. 22న సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని వదలొద్దంది.

షెల్టర్ వల్ల వెంటనే ఊరట. కానీ స్థలం, తిండి, డాక్టర్లు ఏళ్ల తరబడి కావాలి. ఖాళీ అయిన వీధిలోకి వేరే కుక్కలొస్తాయి.

నా ఓటు రెండోదానికే. అది నెమ్మది, పేటలో ఎక్కువభాగం కుక్కలకు ఆపరేషన్ కాకపోతే ఫలితం ఉండదు. అందుకే మున్సిపాలిటీ జనాన్ని అడగాలి. చెవికి గాటు (ఆపరేషన్ అయిందనే గుర్తు) లేని కుక్క ఏ సందులో తిరుగుతుందో, ఏది పిల్లలు పెట్టిందో రోజూ అన్నం పెట్టేవాళ్లకే తెలుసు. భయపడే తల్లిదండ్రుల మాటా అంతే ముఖ్యం. హైదరాబాద్ అంబర్‌పేటలో 2023లో వీధికుక్కల దాడిలో పసివాడి ప్రాణమే పోయింది. కరిచే కుక్కల కోసమైనా ప్రతి నగరానికీ మంచి షెల్టర్ ఉండాల్సిందే.