వన్‌లుక్: అక్షరాలిస్తే ఇంగ్లిష్ మాటలు వెతికిపెట్టే సైటు

ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పేవాళ్లకి, పేపర్లో క్రాస్‌వర్డ్ నింపేవాళ్లకి, ఫోన్లో ఐదక్షరాల మాట ఊహించే వర్డిల్ ఆట ఆడేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఫలానా అక్షరాలున్న మాటలు కావాల్సి వస్తాయి. గూగుల్లో కొడితే ఇలాంటి సైట్లు బోలెడు. చాలావాటిలో ఉండేది ఒక్క పెట్టె, అందులో అక్షరాలు పడేస్తే అటూ ఇటూ తిప్పి మాటలు కట్టి ఇస్తాయి, అంతే. మనకి ప్రతిసారీ కావాల్సింది అది కాదు కదా. ఇచ్చిన అక్షరాలతో మాత్రమే మాట కట్టడం వేరు, అవి పక్కపక్కనే ఉన్న మాట దొరకడం వేరు, మాటలో ఎక్కడో ఒకచోట విడివిడిగా ఉన్నా చాలనుకోవడం వేరు. ఈ మూడూ ఒకే పెట్టెలో అడగనిచ్చేది వన్‌లుక్. 1996 నుంచీ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

పనంతా గుర్తుల మీదే నడుస్తుంది. ప్రశ్న గుర్తు పెడితే ఏదో ఒక్క అక్షరం, స్టార్ పెడితే ఎన్ని అక్షరాలైనా సరే, అసలు లేకపోయినా సరే. స్టార్ పెట్టి పక్కన ఎం, బి అని కొట్టారనుకోండి, కోమ్, థమ్, లామ్, టూమ్ లాంటి, చివరి బి పలకని మాటలు వరసగా వచ్చేస్తాయి, ఒక క్లాసుకి సరిపడా. కామా పెడితే రెండు షరతులు కలుస్తాయి. రెండు స్టార్ల మధ్య క్యూ, తర్వాత కామా, మళ్లీ రెండు స్టార్ల మధ్య జెడ్, ఇలా కొడితే క్విజ్, క్వార్ట్జ్, స్క్వీజ్ వస్తాయి, ఆ రెండక్షరాలు ఏది ముందున్నా ఏది వెనకున్నా. చాలా సైట్లు చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. మాట ముందు రెండు స్లాష్‌లు పెడితే అక్షరాలు తారుమారు చేసి చూపిస్తుంది, లిజన్ ఇస్తే సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ వస్తాయి. మైనస్ తర్వాత రాసిన అక్షరాలు మాటలో ఉండకూడదని, ప్లస్ తర్వాత రాసినవి తప్ప ఇంకేవీ ఉండకూడదని అర్థం. హాష్ పెడితే హల్లు, ఎట్ గుర్తు పెడితే అచ్చు, వాళ్ల లెక్కలో వై కూడా అచ్చే. ఫోన్లో ఈ గుర్తుల కోసం కీబోర్డ్ మారుస్తూ ఉండాలి, అది కాస్త విసుగే, వీలైతే కంప్యూటర్లో వాడండి.

నాకు దీంతో ఎక్కువ పని పడేది స్పెల్లింగుల దగ్గర. మన స్కూలు పేపర్లలో ఖాళీలో ఐ, ఈ రాయాలా ఈ, ఐ రాయాలా అనే ప్రశ్న చూసే ఉంటారు, దానికి అందరం బట్టీపట్టిన సూత్రం ఒకటుంది, ఈ కన్నా ముందు ఐ వస్తుంది, సి తర్వాతైతే తిరగబడుతుంది అని. రెండు స్టార్ల మధ్య సి, ఈ, ఐ పెట్టి వెతకండి. రిసీవ్, సీలింగ్, డిసీవ్, రిసీట్, పర్సీవ్... బాగానే ఉంది. ఇప్పుడు సి, ఐ, ఈ పెట్టండి. సైన్స్, సొసైటీ, ఏన్షియెంట్, ఎఫిషియెంట్, స్పీషీస్, గ్లేసియర్, ఇంకా బోలెడు, మొదటి జాబితా కన్నా ఇదే పొడుగు! ఈ రెండూ పక్కపక్కన ప్రింట్ తీసి ఇస్తే పిల్లలే అడుగుతారు, మరి ఆ రూల్ ఎందుకు చెప్పారండీ అని. అయితే ఇది చూసేది అక్షరాల్నే, ధ్వనిని కాదు. ఓ, యు, జి, హెచ్ నాలుగూ వరసగా ఉన్న మాటలు అడిగితే కాఫ్, త్రూ, దో, టఫ్, బౌ అన్నీ ఒకే కుప్పలో పోస్తుంది. వాటిని పలికే తీరును బట్టి ఏరుకునే పని మనదే.

అన్నిటికన్నా నాకు నచ్చింది కోలన్. అక్షరాల నమూనా రాసి, కోలన్ పెట్టి, పక్కన అర్థానికి దగ్గరగా ఉండే మాట రాయొచ్చు. బి, ఎల్, స్టార్, కోలన్, ఆ పక్కన స్నో అని కొడితే బ్లిజర్డ్ దొరుకుతుంది. క్రాస్‌వర్డ్ ఆడేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. ఇదే పని చేస్తామని చెప్పుకునే ఒక యాప్ కూడా వేసి చూశాను, పేరెందుకులెండి, వెతికిన ప్రతిసారీ ఒక వీడియో ప్రకటన, అది అయ్యాక చూస్తే సగం మాటలకి తాళం గుర్తు, డబ్బు కడితేనే తీస్తారట. తీసి పారేశాను.

వర్డిల్‌కి తెలియని అక్షరాల చోట ప్రశ్న గుర్తులూ ఒక మైనస్ చాలు. ఎస్, పి తర్వాత మూడు ప్రశ్న గుర్తులు పెట్టి, ఈ, ఐ వద్దంటే స్పూన్, స్ప్రే వస్తాయి. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ అనే మాటల ఆటకి ప్లస్, కామా కలిపి వాడాలి. ఏడక్షరాలిస్తారు, మధ్యలోది తప్పకుండా ఉండాలి, మాట నాలుగక్షరాలకి తగ్గకూడదు, ఒకే అక్షరం ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. కాకపోతే ఆట మొదట్లోనే ఇది తెరిస్తే ఇంక ఆడటం దేనికి, చేతనైనంత ఆడేశాక ఏం వదిలేశామో చూసుకోడానికి మాత్రం భలే ఉంటుంది.

అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్ సీరియస్‌గా ఆడేవాళ్లు మాత్రం దీన్ని తీర్పరిగా పెట్టుకోవద్దు. ఇది చాలా డిక్షనరీల్లోంచి ఏరి తెస్తుంది, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, రెండు మూడు మాటల పదబంధాలు కూడా జాబితాలో కలిసిపోతాయి. నౌన్లు మాత్రమే, ఇన్ని అక్షరాలవి మాత్రమే అని వడకట్టుకోవచ్చు గానీ, వడకట్టాక మిగిలినవన్నీ బోర్డు మీద చెల్లుతాయని కాదు. ఆ లెక్కే వేరు, ఉత్తర అమెరికాలో ఒక పదజాబితా, మనదేశంతో సహా బయట ఎక్కువచోట్ల కాలిన్స్ జాబితా. కాలిన్స్‌లో 2019 నాటికే 2,79,496 పదాలున్నాయి, అంత పెద్ద జాబితాలోకి ఓ, కె అని రెండే అక్షరాలతో రాసే ఓకే ఆ ఏడాది గానీ రాలేదు.