ఫేడ్ గండం గట్టెక్కడం: డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ ఏళ్ళ తరబడి ఆడాక

డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ 2009 నవంబర్‌లో వచ్చింది. బయోవేర్ కంపెనీ వాళ్ళ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్. అప్పటినుంచి ఎన్ని కొత్త ఆటలు కొన్నా, మళ్ళీ మళ్ళీ కొత్త పాత్ర తయారు చేసుకుని మొదటినుంచి ఆడేది దీన్నే. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, అయినా కథ, పాత్రలు ఇంకా పట్టి కూర్చోబెడతాయి. కానీ ఎవరికైనా ఈ ఆట ఆడమని చెప్పేటప్పుడు ఒక మాట మాత్రం ముందే చెప్పి పంపిస్తాను: మేజ్‌లు, అంటే మంత్రగాళ్ళు, ఉండే సర్కిల్ టవర్‌లో ఫేడ్ అనే భాగం వస్తుంది, విసుగు పుడుతుంది, దయచేసి అక్కడ వదిలేయకండి. ఈ సమీక్ష ఆ ఒక్క భాగం గురించే. కథలో మలుపులు కొన్ని బయటపడతాయి. ఇంకా ఆడనివాళ్ళు అది గుర్తుపెట్టుకుని చదవండి.

సందర్భం ఇది. ఫెరెల్డెన్ రాజ్యం మీదికి డార్క్‌స్పాన్ అనే రాక్షస మూక దండెత్తి వస్తుంటే, వాటితో పోరాడే గ్రే వార్డెన్ అనే యోధుడిగా మీరు సైన్యం కూడగట్టాలి. అందుకు మేజ్‌ల సాయం కావాలి. కాలెన్‌హాడ్ సరస్సులో ఉన్న వాళ్ళ టవర్‌కి వెళ్తే, ఉల్డ్రెడ్ అనే మేజ్ చేసిన తిరుగుబాటు వల్ల లోపలంతా రాక్షసమయం. మేజ్‌లకి కాపలా ఉండే టెంప్లర్లు మిమ్మల్ని లోపలికి పంపి తలుపులు మూసేస్తారు. ఇక పని పూర్తయ్యేదాకా బయటికి దారి లేదు. ఒక్కో అంతస్తూ కొట్టుకుంటూ పైకి వెళ్ళేసరికి, స్లోత్ డీమన్ అనే బద్ధకపు రాక్షసి ఎదురై మీ జట్టు మొత్తాన్ని నిద్రపుచ్చేస్తుంది. ఆ నిద్రలో మీరు చూసే లోకమే ఫేడ్.

మొదట మీకొక తియ్యటి కల. మిమ్మల్ని గ్రే వార్డెన్లలో చేర్చుకుని, ఆస్టగార్ యుద్ధంలో పోయిన డంకన్ బతికే ఉంటాడు, డార్క్‌స్పాన్ పీడ విరగడైపోయిందంటాడు. దాన్ని అబద్ధమని తేల్చి బయటపడితే నయల్ అనే మేజ్ కనిపిస్తాడు, మీకంటే ముందే వచ్చి ఇరుక్కుపోయినవాడు. అక్కడినుంచి ఐదు దీవులు. ఒక్కో దీవికి ఒక్కో కాపలా రాక్షసుడు. ఐదుగురినీ చంపితే గానీ నడిమధ్యలో ఉన్న స్లోత్ డీమన్ దగ్గరికి దారి తెరుచుకోదు. ఆ రాక్షసుల్ని చేరాలంటే నాలుగు రూపాలు సంపాదించాలి: ఎలుక, స్పిరిట్ (ఆత్మ), మంటల మనిషి, గోలెం (రాతి మనిషి). ఎలుక కన్నాల్లోంచి దూరుతుంది. స్పిరిట్ మామూలు కంటికి ఆనని తలుపుల్లోంచి వెళ్తుంది. మంటల మనిషి నిప్పుల్లో నడుస్తాడు. గోలెం పెద్ద పెద్ద తలుపుల్ని పగలగొడుతుంది. ఒక దీవిలో దారి మూసుకుపోతే ఇంకో దీవికి వెళ్ళి రూపం తెచ్చుకుని వెనక్కి రావాలి.

చదివితే బాగానే ఉందనిపిస్తుంది. మరి విసుగెందుకు? ఈ భాగం కష్టం కాబట్టి అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఇందులో ఉన్న ఫైట్లకంటే కష్టమైనవి ఈ ఆటలోనే బోలెడున్నాయి. అసలు కారణం, ఫేడ్‌లో మీరు ఒంటరి. ఈ ఆట ప్రాణమంతా మీరూ, మీ వెంట తిరిగే ముగ్గురు సహచరులూ కలిసిన ఆ నలుగురిలో ఉంది. ఫైట్ మధ్యలో పాజ్ చేసి ఒకడిని ముందు నిలబెట్టి, ఇంకొకరి చేత వైద్యం చేయించి, మూడో మనిషిని శత్రువు వెనక్కి పంపడం ఇందులో మజా. నడుస్తుంటే వెనకాల అలిస్టర్, మోరిగన్ లాంటి సహచరులు దెప్పుకుంటూ వస్తుంటారు, ఆ మాటల కోసమే దారి మార్చి తిరిగిన రోజులున్నాయి. ఫేడ్‌లో అడుగు పెట్టగానే అదంతా ఒక్కసారి ఆగిపోతుంది. పైగా తెర మొత్తం మసకగా, పసుపు పచ్చగా, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఏ కన్నంలోంచి వచ్చామో, ఏ గది చూశామో, ఏది చూడలేదో గుర్తుండదు. ఈ ఒంటరితనం కావాలనే పెట్టారని నా నమ్మకం. కాకపోతే దాన్ని సగం నిడివిలో చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

దాటే పద్ధతికి వస్తాను. మొదట రా ఫేడ్ అనే దీవిలో ఎలుక రూపం వస్తుంది. మేజ్‌గా మొదలుపెట్టినవాళ్ళకి ఇక్కడ హారోయింగ్ పరీక్షలో కలిసిన మౌస్ గుర్తురాక మానడు. ఆ తర్వాత నేరుగా డార్క్‌స్పాన్ ఇన్వేజన్ దీవికి వెళ్ళి స్పిరిట్ రూపం తీసుకోండి, అక్కడినుంచి బర్నింగ్ టవర్‌కి వెళ్ళి మంటల మనిషి రూపం. గోలెం మిగిలిన రెండు దీవుల్లో ఒకదానిలో దొరుకుతుంది. నాలుగూ చేతికొచ్చేదాకా ఏ దీవినీ పూర్తి చేయాలని పట్టుబట్టకండి. ఒక కాగితం మీద ఏ దీవిలో ఏం అడ్డొచ్చిందో, నిప్పో, తలుపో, కన్నమో, రాసుకుంటే సగం టెన్షన్ పోతుంది. రూపాలన్నీ వచ్చాక చేసే రెండో చుట్టు చాలా త్వరగా అయిపోతుంది.

మీ పాత్ర వారియర్ అయినా, రోగ్ అయినా, సొంత రూపంలోనే కొట్లాడాలని పంతం వద్దు. వైద్యం చేసేవాళ్ళు పక్కన లేరు. గుంపు మీద పడితే మంటల మనిషిగా మారి ఫైర్‌బాల్ వేయండి, బండ లాంటి శత్రువుకి గోలెం. డార్క్‌స్పాన్ దీవిలో ఉత్‌కీల్ అనే ఓగర్, అంటే భారీ రాక్షసుడు, ఉంటాడు, వాడి దగ్గరికి మొదటి చుట్టులోనే వెళ్ళే తొందర అక్కర్లేదు. హెల్త్, మానా (మంత్రశక్తి) తగ్గితే దీవుల్లో అక్కడక్కడా లిరియం అనే మాయా ఖనిజపు సిరలుంటాయి, ముట్టుకుంటే నిండిపోతాయి. వాటిని ఖాళీ చేసేముందు చుట్టుపక్కల గదులన్నీ చూసి రండి. మరీ ఇబ్బందైతే డిఫికల్టీ తగ్గించుకోండి, ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. దీవుల్లో మూలమూలలా స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ, విల్‌పవర్, మ్యాజిక్, కన్నింగ్, కాన్‌స్టిట్యూషన్ పెంచేవి దాచి ఉంటాయి. ముట్టుకున్నవన్నీ మీ పాత్రకి శాశ్వతంగా ఉండిపోతాయి. బయటికొచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళే వీల్లేదు. పీసీలో ఆడేవాళ్ళు ట్యాబ్ కీ నొక్కుతూ తిరిగితే ఏదీ తప్పిపోదు. విసుగులో పరుగెత్తి వీటిని వదిలేస్తే ఆట చివరిదాకా ఆ లోటు ఉంటుంది.

ఇక నేను ఈ భాగాన్ని ఎందుకు వెనకేసుకొస్తానో చెప్పాలి. మీతో టవర్‌కి వచ్చిన ముగ్గురూ ఒక్కొక్కరు ఒక్కో కలలో చిక్కుకుని ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అది కల అని నమ్మించాలి. అలిస్టర్ కలలో అతని అక్క గోల్డానా ఉంటుంది, ఇల్లు, పిల్లలు, ఆప్యాయంగా వడ్డించే భోజనం. రాజుగారి అక్రమ సంతానంగా ఎవరికీ కాకుండా పెరిగిన కుర్రాడికి అంతకు మించిన స్వర్గం ఏముంటుంది? డెనెరిమ్ నగరంలో అసలు గోల్డానాని కలవకముందే ఈ కల చూడండి. తర్వాత ఆమె గుమ్మంలో అలిస్టర్ మొహం చూసినప్పుడు మీకు కలుక్కుమంటుంది.

విన్ తన విద్యార్థుల శవాల మధ్య నిలబడి, వీళ్ళని కాపాడలేకపోయానని కుమిలిపోతుంటుంది. అప్పటిదాకా అందరికీ బుద్ధులు చెప్పిన పెద్దావిడ అలా కనిపిస్తే ఏం మాట్లాడాలో తోచదు. స్టెన్‌ది ఇంకో తీరు. చనిపోయిన తోటి సైనికులతో మంట దగ్గర కూర్చుని ఉంటాడు. అది కల అని అతనికి తెలుసు. తెలిసే కూర్చున్నాడు. పెదవి విప్పి పది మాటలు మాట్లాడని మనిషి గురించి ఆ ఒక్క దృశ్యం చెప్పినంత ఆట మొత్తంలో ఇంకేదీ చెప్పదు. మోరిగన్‌కి మీ సాయం పెద్దగా అక్కర్లేదు. ఎదురుగా ఉన్నది తన తల్లి ఫ్లెమెత్ కాదని మీరు వెళ్ళేసరికే కనిపెట్టి దాన్ని కసురుతుంటుంది. జెవ్రాన్ హింసను కూడా క్రోస్ అనే హంతకుల ముఠాలో చేరడానికి పెట్టిన పరీక్షగా భరిస్తుంటాడు. లెలియానా చాంట్రీ అనే ప్రార్థనా మందిరంలో ప్రార్థనలో మునిగిపోయి ఉంటుంది.

కాబట్టి టవర్‌కి ఎవరిని తీసుకెళ్ళాలన్నది ఫైట్ల లెక్కతో తేల్చకండి. మొదటిసారైతే అలిస్టర్, స్టెన్, విన్ అని నా సలహా. విన్ టవర్‌లోనే కలుస్తుంది.

కల చెదిరాక వాళ్ళు మీతో రారు. మాయమైపోతారు. మీరు మళ్ళీ ఒంటరి. మొదటిసారి ఇది చూసి నాకు కోపమే వచ్చింది. కానీ చివర్లో స్లోత్ డీమన్ ముందు నిలబడగానే ముగ్గురూ మీ పక్కన ప్రత్యక్షమవుతారు. డీమన్ మొదట ఓగర్‌గా మొదలై రూపాలు మారుస్తూ పోతుంది, మీరూ మార్చగలరు. అన్ని గంటల తర్వాత మళ్ళీ నలుగురం కలిసి ఒక శత్రువు మీద పడుతున్నామంటే వచ్చే ఊపు వేరు. ఎన్నిసార్లు ఆడినా ఆ క్షణానికి నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మధ్యలో అంత వెలితి లేకపోతే ఈ ఊపూ ఉండదని ఒప్పుకుంటాను.

నయల్ మాత్రం బయటికి రాడు. అతని శవం దగ్గర అడ్రాలా లిటనీ అనే మంత్రపాఠం ఉంటుంది, తప్పక తీసుకోండి. పైన ఉల్డ్రెడ్‌తో ఫైట్‌లో అతను బందీలైన మేజ్‌లను రాక్షసులుగా మార్చబోయిన ప్రతిసారీ దాన్ని వాడాలి. ఫైట్ మొదలవకముందే తెర మీద వెంటనే అందే క్విక్‌బార్‌లో పెట్టుకోండి, అప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే మేజ్‌లు పోతారు.

టవర్‌ని వాయిదా వేసుకుంటూ పోవద్దనడానికి ఇంకో కారణం రెడ్‌క్లిఫ్ అనే ఊరు. అక్కడ దయ్యం పట్టిన కానర్ అనే పిల్లాడి విషయంలో చంపడమా, తల్లిని బలివ్వడమా అన్న మీమాంస వస్తుంది. సర్కిల్ మేజ్‌లు మీ పక్షాన ఉంటే వాళ్ళ సాయంతో తల్లినీ పిల్లాడినీ ఇద్దరినీ కాపాడుకోవచ్చు. ఫేడ్‌లో పడ్డ కష్టానికి ఇంత మంచి ఫలితం ఇంకెక్కడా లేదు.

ఇదే ఆటలో వచ్చే డీప్ రోడ్స్ అనే భూగర్భ సొరంగాల భాగం కూడా పెద్దదే, చీకటే. అక్కడ నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు, పక్కన మనుషులు ఉంటారు కదా.

పీసీ వాళ్ళకి స్కిప్ ద ఫేడ్ అనే మాడ్, అంటే అభిమానులు తయారు చేసిన మార్పు, ఉంది. ఈ భాగాన్ని దాటించేసి, రావాల్సిన స్టాట్ పాయింట్లు కూడా ఇచ్చేస్తుంది. రెండోసారి ఆడేటప్పటినుంచి నిక్షేపంగా వాడుకోండి, నేనూ అప్పుడప్పుడూ వాడుతుంటాను. మొదటిసారి ఆడేటప్పుడు మాత్రం వేసుకోకండి. కన్సోల్ వాళ్ళకి ఆ మాడ్ లేదు కాబట్టి ఫేడ్‌లో అడుగుపెట్టేముందు విడిగా ఒక సేవ్ చేసి పెట్టుకోండి, స్టాట్ పాయింట్లు తప్పిపోతే మళ్ళీ అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.