మా ఊరి సచివాలయం: గడప దగ్గరైంది, సంతకం ఇంకా దూరంగానే ఉంది

కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న మా ఊరి గ్రామ సచివాలయానికి గడచిన ఏడాదిలో మూడు పనుల మీద పదిసార్లకు తక్కువ కాకుండా వెళ్ళాను. ఒకటి నాన్నగారి పింఛను, రెండోది మా అమ్మాయి చదువుకు కావలసిన ఆదాయ ధ్రువపత్రం, మూడోది మా బావమరిది కౌలు కార్డు. మొదటిది ఇంటికే వచ్చింది, రెండోది తిరిగితే వచ్చింది, మూడోది రాలేదు. ఒకే కార్యాలయంలో ఇంత తేడా ఎందుకు ఉందో ఆలోచించి ఈ సమీక్ష రాస్తున్నాను.

మా తాతగారి కాలంలో భూమి లెక్క కరణంగారి అరుగు మీద తేలేది. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. ఆ మరుసటి ఏడు తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. అయినా మా లంక రైతులకు చిన్న కాగితం కావాలంటే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) కోసం ఎండలో నిలబడి, రేవు దాటి, మండల కార్యాలయానికి పోక తప్పేది కాదు. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థను ప్రారంభించి, ఊళ్ళలో సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున, పట్టణ వార్డులవి కూడా కలిపి రాష్ట్రమంతటా పదిహేను వేల సచివాలయాలు పెట్టిన తరువాత ఆ ప్రయాణం చాలామందికి తప్పింది. ప్రభుత్వాలు మారినా ఈ కార్యాలయాలు నిలబడడం మంచిదైంది. పాలనను ఊరి నడిబొడ్డుకు తెచ్చిన ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

పింఛను సంగతి చూస్తే ఆ మెప్పు ఎందుకో తెలుస్తుంది. 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛనును ఒకటో తారీఖున తెల్లవారేసరికి సచివాలయ ఉద్యోగే మా అరుగు మీదికి తెచ్చి ఇస్తున్నారు. నలభై ఏళ్ళు కొబ్బరికాయలు ఒలిచిన నాన్నగారి వేళ్ళ మీద గీతలు దాదాపుగా అరిగిపోయాయి. మొన్న వేలిముద్ర యంత్రం బొటనవేలిని ఒప్పుకోలేదు, చూపుడు వేలినీ ఒప్పుకోలేదు. పింఛను తెచ్చిన ఉద్యోగిని విసుక్కోకుండా తన చేతిరుమాలుతో యంత్రం అద్దాన్ని తుడిచి, నాన్నగారి చేతిని తన చేతిలోకి తీసుకుని, "తాతగారూ, ఈ వేలు కొంచెం గట్టిగా అదమండి" అంటూ ఒక్కొక్క వేలూ పెట్టించింది. చివరకు ఎడమచేతి ఉంగరపు వేలు పట్టింది. డబ్బు చేతిలో పెట్టి, లెక్క చూసుకోమని చెప్పి, పక్కింటికి వెళ్ళింది. ఆమె దగ్గర డబ్బు ఉంది, ఇచ్చే అధికారమూ ఉంది. అందుకే పని అక్కడికక్కడే అయిపోయింది.

ఆదాయ ధ్రువపత్రానికి ఆ సౌలభ్యం లేదు. డిజిటల్ అసిస్టెంటు దరఖాస్తును కంప్యూటర్లో ఎక్కించి రసీదు ఇస్తారు. వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) విచారించాలి, ఆపైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూడాలి, తహసీల్దారు డిజిటల్ సంతకం చేయాలి. మా మొదటి దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణం రాయవలసిన చోట "అసంపూర్ణం" అన్న ఒక్క మాటే ఉంది. ఏమి తక్కువైందో కౌంటరులో ఉన్నవారికి తెలియదు. తెలిసినవారు ఏదో సర్వే పని మీద బయట ఉన్నారు. నాలుగోసారి వెళ్ళినప్పుడు, రైస్ కార్డు నకలు మసకగా ఉండి చదవడానికి వీలు కాలేదని తేలింది. మంచి నకలు పెడితే మూడో రోజుకు పత్రం వచ్చేసింది. అంటే జాప్యం విచారణలో జరగలేదు, కారణం చెప్పకపోవడంలో జరిగింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సమాచారం అడిగినవారికి అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల జరిమానా ఆయన జీతం నుంచే కట్టవలసి రావచ్చు. మా సచివాలయం గోడ మీద సేవలకు గడువులు రాసి ఉన్నాయి గాని, ఆ పట్టుదల కౌంటరు దగ్గర కనిపించదు. తిరస్కరించేటప్పుడు ఏ కాగితం లోపించిందో, ఎవరు తిరస్కరించారో తెలుగులో రెండు వాక్యాలు రాసి ఇవ్వాలని ఒక నియమం పెట్టుకుని పాటిస్తే మా నాలుగు తిరుగుళ్ళలో మూడు మిగిలేవి.

2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' అనే ప్రభుత్వ వాట్సాప్ సేవలో కరెంటు బిల్లు కట్టాను; ఇబ్బంది లేదు. అయితే వాట్సాప్‌లో దరఖాస్తు పెట్టినా చివరకు చేరేది అదే తహసీల్దారు బల్ల మీదికి.

ఇక కౌలు కార్డు. డెల్టాలో వరి పండించేవారిలో కౌలుదారులే ఎక్కువగా కనిపిస్తారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం వారికి పదకొండు నెలల పత్రం ఇస్తుంది. బ్యాంకు రుణానికీ, పంట బీమాకూ, తుపాను నష్టపరిహారానికీ అదే ఆధారం. కాని దానికి భూయజమాని సంతకం కావాలి. మా బావమరిది దున్నే మూడెకరాల యజమాని హైదరాబాదులో ఉంటారు. ఆయన మనిషి చెడ్డవారు కారు, సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం మాత్రం పోలేదు. ఆ పత్రం వల్ల యాజమాన్య హక్కుకు ఏ భంగమూ లేదని చట్టంలోనే ఉంది. వీఆర్వోగారు మర్యాదగానే మాట్లాడారు: "ఓనరుగారి సంతకం లేకపోతే నా చేతిలో ఏమీ లేదండీ." ఆ మాట నిజమే. ఒక ఉద్యోగి యజమానికి ఫోను చేసి చట్టం చదివి వినిపించడం, పొలం గట్టున ఇరుగుపొరుగు రైతుల వాంగ్మూలంతో సాగును నిర్ధారించడం ఈ కార్యాలయపు పనిలో భాగమైతే, ఇన్ని వేల మంది ఉద్యోగులను ఊళ్ళలో కూర్చోబెట్టిన ఖర్చుకు ఫలితం కౌలుదారుకు కూడా దక్కుతుంది.

నాలుగుసార్లు వెళ్ళి వచ్చిన తరువాత, మొన్న కాలువకు నీళ్ళు వదిలారని తెలిసి, మా బావమరిది కార్డు లేకుండానే సార్వాకు నారు పోశాడు.