ముద్ద మనం పెట్టాలా, పిల్లల చేతికే ఇవ్వాలా: ఆరు నెలలు నిండాక ఏది మేలు?

పాలకొల్లు నుంచి అమలాపురం దాకా మా చుట్టాల్లో ఈ ఏడాది చంటిపిల్లలు బాగానే ఉన్నారు. ఆరో నెల దగ్గర పడేసరికి అందరూ ఒకటే అడుగుతున్నారు. "వదినా, మీ చిన్నోడికి నువ్వు పెట్టలేదట కదా, వాడే తిన్నాడట కదా. మేమూ అలా చెయ్యొచ్చా? ఉగ్గే పెట్టుకోవాలా?" మా పెద్దదానికి రాజోలులో మా అమ్మ ఉగ్గుతో మొదలుపెట్టింది. చిన్నోడికి నేను మొదటి నుంచీ వాడి చేతికే ఇచ్చాను. రెండూ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలన్న సంగతి అందరికీ తెలుసు. అన్నప్రాశన గురించి మాత్రం ఒక మాట. ఆడపిల్లకి బేసి నెల కావాలని చాలామంది అయిదో నెలలోనే ముహూర్తం పెట్టించేస్తారు. ఏడో నెల కూడా బేసి నెలే. పంతులుగారిని అది అడగండి.

చేతికిచ్చే పద్ధతికి పేరు తెచ్చిన మనిషి బ్రిటన్‌లో హెల్త్ విజిటర్‌గా (ఇళ్లకి వెళ్లి తల్లీపిల్లల్ని చూసే నర్సుగా) పనిచేసిన గిల్ రాప్లీ. గుజ్జు, స్పూను అనే దశ లేకుండా, కూర్చోగలిగిన పిల్లల ముందు మెత్తటి ముక్కలు పెడితే వాళ్లే పట్టుకుని నోట్లో పెట్టుకుంటారు, ఎంత తినాలో వాళ్లే తేల్చుకుంటారు. అంతే ఆ పద్ధతి. మన పద్ధతి మీకు తెలిసిందే: బియ్యం, పెసరపప్పు వేయించి విసిరి, ఉగ్గు కాచి పెట్టడం, తర్వాత పప్పన్నం మెత్తగా పిసికి గోరుముద్దలు పెట్టడం.

ముందు పెద్దవాళ్ల భయం సంగతి చూద్దాం. "గొంతులో అడ్డం పడిపోద్దే తల్లీ" అని మా అత్తయ్యగారు మొదటి వారమంతా నా పక్కనే కూర్చున్నారు. ఆవిడ భయం సబబైనదే. న్యూజీలాండ్‌లో 206 కుటుంబాలతో ఇదే విషయం మీద ఒక అధ్యయనం చేశారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం గొంతుకి అడ్డం పడటంలో చేత్తో తిన్న పిల్లలకీ స్పూనుతో తిన్న పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని ప్రమాదమే లేదనుకోకూడదు. అన్నీ కలిపి చూస్తే 6 నుంచి 8 నెలల మధ్య 35 శాతం పిల్లలకి ఒక్కసారైనా అడ్డం పడింది. పైగా చేతికిచ్చిన తల్లిదండ్రులకి ఏ తిండి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో, ముక్క ఎంత మెత్తగా ఉండాలో ముందే నేర్పారు. ఆ జాగ్రత్తలు వదిలేసి పద్ధతి ఒక్కటే తెచ్చుకుంటే ఆ ఫలితం మనకి వర్తించదు.

ఇంట్లో అందరికీ తెలియాల్సింది డోకుకీ, గొంతుకి అడ్డం పడటానికీ తేడా. డోకు వచ్చినప్పుడు మొహం ఎర్రబడుతుంది, దగ్గుతారు, చప్పుడు చేస్తారు, ముక్క నాలుక మీదికి తోసేస్తారు. చంటిపిల్లలకి ఆ స్పందన నాలుక మీద బాగా ముందుకే ఉంటుంది. అది వాళ్లకి రక్ష. ఆ అధ్యయనంలోనే చేత్తో తినే పిల్లలకి ఆరు నెలల వయసులో డోకులు ఎక్కువ, ఎనిమిది నెలలకి తక్కువ. నిజంగా అడ్డం పడితే చప్పుడు ఉండదు. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు పిల్లని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, అరచేయి మణికట్టు దగ్గరి భాగంతో రెండు భుజాల మధ్య 5 సార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఒక చేతి అదే భాగంతో రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరితో 108కి ఫోన్ చేయించాలి. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది. ఉగ్గు పెట్టినా, ముక్క ఇచ్చినా తల్లీ, మామ్మా, అమ్మమ్మా ముగ్గురూ ఇది నేర్చుకోవాల్సిందే.

ఇక నా దృష్టిలో అసలు విషయం. ముద్ద ఎవరి చేతిలో ఉందన్న దానికంటే, చాలన్నది ఎవరి మాట అన్నది ముఖ్యం. మన ఇళ్లల్లో పిల్లకి తినిపించడం ఎలా ఉంటుందో చూడండి. చంకన వేసుకుని వీధంతా తిప్పుతారు, కోడిపిల్లల్ని చూపిస్తారు, ఇప్పుడైతే ఫోన్‌లో బొమ్మలు పెడతారు. పిల్ల అటు చూస్తూ నోరు తెరిచినప్పుడు ముద్ద తోసేస్తారు. తల పక్కకి తిప్పుకుంటే "ఇదిగో తాతయ్య ముద్ద, ఇదొక్కటే" అంటారు. గిన్నె ఖాళీ అయితేనే తల్లికి మనశ్శాంతి. ఇందులో ప్రేమకి లోటేమీ లేదు. కానీ పిల్లకి తన కడుపు నిండిందని తెలుస్తుంది, ఆ మాట మొహం తిప్పి, పెదాలు బిగించి చెబుతోంది. రోజుకి మూడుసార్లు ఆ మాట ఎవరూ వినకపోతే కొన్నాళ్లకి తిండి అంటేనే పేచీ మొదలవుతుంది. రెండేళ్ల పిల్లలు కంచం చూడగానే పారిపోయే ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్ని లేవు? నిదానంగా, ఓపిగ్గా పెట్టండి, ప్రోత్సహించండి, బలవంతం మాత్రం చెయ్యకండి అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

కాళ్లు చాపుకుని పిల్లని వాటి మీద పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉంది. అది మాత్రం ఏ పద్ధతిలోనూ వద్దు. పడుకున్న పిల్ల ఏడుస్తుండగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చేతికిచ్చే పద్ధతి నాకు నచ్చింది ఇందుకే. అందులో బలవంతం చేసే వీలే ఉండదు. వాడు ముక్క వదిలేసి చేతులు విదిలిస్తే అయిపోయినట్టే. మా చిన్నోడు ఒక పూట ఇడ్లీ మొత్తం తినేవాడు, మరో పూట నలిపి కంచం నిండా పూసి ఊరుకునేవాడు. మొదట్లో మా ఆయనకి టెన్షన్‌గా ఉండేది. తల్లిపాలు సాగుతున్నాయి, బరువు పెరుగుతున్నాడు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. అయితే స్పూను పట్టుకున్న తల్లి కూడా పిల్ల మొహం చూసి ఆపగలిగితే ఈ మేలంతా అందులోనూ దక్కుతుంది. మా అమ్మ పెద్దదానికి అలాగే పెట్టింది. నోరు తెరిచేదాకా ముద్ద పట్టుకుని కూర్చునేది. అలాంటి చేతికి నేనేమీ వంక పెట్టను.

చేతికిచ్చే పద్ధతి వెనకబడేది ఐరన్ దగ్గర. కడుపులో ఉండగా పిల్ల దాచుకున్న ఐరన్ ఆరు నెలలకి దాదాపు ఖర్చయిపోతుంది, తల్లిపాలలో ఉండేది చాలా తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మన డెల్టాలో పిల్ల చేతికి సులువుగా వచ్చేవేమిటి? అరటిపండు, ఇడ్లీ, అన్నం. మూడింటిలోనూ ఐరన్ పెద్దగా లేదు. పాడి ఉన్న ఇళ్లల్లో దానికి తోడు గేదెపాలు పోసి పాలన్నం. ఏడాదిలోపు పిల్లలకి ఆవుపాలు, గేదెపాలు తాగించడం మొదలుపెడితే ఐరన్ ఇంకా తగ్గుతుంది. పంటికి మెత్తగా తగిలే కోడి లివర్, మెత్తగా ఉడికించి నూరిన మాంసం, పప్పు, తోటకూర లాంటివి ఆరు నెలలు నిండిన పిల్ల పిడికిలితో పట్టుకుని తినగలిగేవి కావు. కాబట్టి అవి మనమే పెట్టాలి. లివర్ వారానికోసారి, కొంచెం చాలు. పప్పు, ఆకుకూర పెట్టినప్పుడు రెండు చుక్కలు నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. బెల్లంతో లోటు తీరుతుందనుకోకండి, ఏడాదిలోపు బెల్లం కూడా పంచదార లెక్కే. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 ఎం.ఎల్. చొప్పున వెయ్యాలి. ఆ 1 ఎం.ఎల్.లో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. విరేచనం నల్లగా వస్తోందని చాలామంది మధ్యలో మానేస్తారు. ఆ రంగు ఐరన్ వల్లే, భయం లేదు.

అందుకని నేను చేసింది ఇది. పిల్లాడు నడుం నిలిపి కూర్చోవడం, మెడ నిలబెట్టడం, దొరికిందల్లా నోటికి తీసుకుపోవడం చూశాక మొదలుపెట్టాను. కంచంలో వాడి ముక్క ఒకటి ఉండేది, నా చేతిలో పప్పన్నం ముద్ద ఒకటి ఉండేది. వాడు ముక్కతో ఆడుకుంటూ తింటాడు, మధ్యలో నోరు తెరిస్తే నేను ముద్ద పెడతాను, తెరవకపోతే ఊరుకుంటాను. చేత్తో తినడం మనకి కొత్తేమీ కాదు. ఇంటిల్లిపాదీ చేత్తో తింటుంటే చూసి నేర్చుకునే పిల్లలు మనవాళ్లు. అందుకే ఎవరైనా అడిగితే చేతికే ఇవ్వమంటాను, పక్కన ముద్ద కూడా ఉంచుకోమంటాను.

ఏ ముక్క ఇవ్వాలన్నది కూడా మన తోటలూ చెరువులూ చూసుకునే తేల్చుకోవాలి. ఆరు నెలలు నిండిన పిల్ల పిడికిలితోనే పడుతుంది, కాబట్టి ముక్క మన వేలంత పొడుగు ఉండి పిడికిలి పైకి రావాలి. మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. చక్కెరకేళి పండుని వేలితో మధ్యలో నొక్కితే నిలువుగా మూడు పాయలుగా విడిపోతుంది. ఒక పాయ ఇవ్వండి. బొంత అరటికాయ, చామదుంప, గుమ్మడి, ఆవిరి మీద బాగా ఉడికిన క్యారెట్ పనికొస్తాయి. గుడ్డు అట్టులా వేసి పొడుగ్గా కోసి ఇవ్వొచ్చు. కొత్త బియ్యం అన్నం జిగురుగా ఉండి ముద్ద విడిపోదు, అందుకని పప్పు కలిపి కోలగా చుట్టిన ముద్దలు పిల్లల చేతిలో నిలుస్తాయి. చేపల్లో పండుగప్ప, కొర్రమీను మేలు. శీలావతి, బొచ్చెల్లో కండ లోపల సన్నటి చీలిక ముళ్లుంటాయి, అవి పిల్ల చేతికి అసలు వద్దు. ఏ చేపైనా వేళ్లతో నలిపి ముల్లు చూసి పెట్టాల్సిందే. తొమ్మిదో నెల ప్రాంతంలో బొటనవేలితో మెతుకు ఏరుకోవడం వస్తుంది, అప్పుడు ముక్కల సైజు తగ్గించాలి.

ఇవ్వకూడనివి కూడా మన దగ్గర చాలానే ఉన్నాయి. ఎండాకాలం తాటిముంజలు ఇంటి నిండా ఉంటాయి. గుండ్రంగా, జారుగా ఉండే ముంజని పిల్ల చేతికివ్వడం ప్రమాదం. చిదిమి పెట్టండి. పనసతొన, లేత కొబ్బరి ముక్క, తేగ, వేరుశనగ గుళ్లు, పచ్చి యాపిల్ ముక్క, నిలువుగా చీల్చని ద్రాక్షపండు కూడా అంతే. ఏడాదిలోపు తేనె అసలు నాకించకూడదు. ఉప్పూ వద్దు. పప్పు ఉడికాక, ఉప్పూ పోపూ పడకముందే పిల్ల వాటా తీసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

చేతికిచ్చే పద్ధతికి టైమ్ కావాలి. ఒక పూటకి అరగంట పైనే పడుతుంది, కింద పాత పంచె పరచాలి, తర్వాత తుడవాలి, లేకపోతే చీమలు చేరతాయి. పాకే పిల్ల చేతులు తిండికి ముందు సబ్బుతో కడగాలి. భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో పొద్దున్నే పనికి వెళ్లే తల్లికి ఇదంతా మూడు పూటలా కుదరదు. పగలు మామ్మగారు ముద్దలు పెడతారు, రాత్రి తల్లి పక్కన కూర్చుని చేతికి ఇస్తుంది. అలా చేసినా బాగానే ఉంటుంది. మామ్మగారితో మాత్రం ఒక ఒప్పందం కావాలి: తల తిప్పుకుంటే ఆపెయ్యాలని, ఫోన్ చూపించకూడదని.

మిగతావి క్లుప్తంగా. డబ్బా తిండి ప్రయాణాల్లో పనికొస్తుంది, రోజూ అక్కర్లేదు. కొనేముందు పంచదార ఉందేమో అట్ట మీద చదవండి. అంగన్‌వాడీ బాలామృతం ఇంట్లో వేరే ఏమీ కుదరనప్పుడు మంచి ఆధారం, అందులో తీపి ఇప్పటికే ఉంటుంది, మళ్లీ కలపకండి. వలలో పండు పెట్టి నోటికిచ్చే ఫీడర్‌తో రసం పీల్చడమే తప్ప నమలడం రాదు.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, బరువు సరిగా పెరగనివాళ్లు, ఇంకా మెడ పూర్తిగా నిలవనివాళ్లు ఉంటే చేతికివ్వడం మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టర్‌గారికి ఒకసారి చూపించండి. వాళ్లకి చాలాకాలం ముద్దే మేలు.