కాలేజీలో అకడమిక్ అడ్వైజర్ కావాలంటే: బెంగళూరులో ఏ దారి మేలు?

"అకడమిక్ కౌన్సెలర్ కావలెను, తెలుగు వచ్చినవారికి ప్రాధాన్యం." బెంగళూరులో ఇలాంటి ప్రకటన కనిపిస్తే జీతం సంగతి తర్వాత, ముందు టార్గెట్ ఉందా అని అడగండి. ఉందంటే అది అమ్మకాల ఉద్యోగమే. ఇంటర్ ఫలితాలు, ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో అనంతపురం, చిత్తూరు, కర్నూలు తల్లిదండ్రులకు ఫోన్లు చేసి సీట్లు నింపాలి. ఆ పనిలో తప్పేమీ లేదు. కానీ చేరిన పిల్లవాడు రెండో సెమిస్టర్లో మూడు సబ్జెక్టులు తప్పితే ఏం చేయాలో చెప్పేవాడు వేరు. ఆ పనే వృత్తిగా కావాలనుకుంటే ఈ ఊళ్లో మూడు దారులున్నాయి.

మొదటిది లెక్చరర్‌గా చేరి మెంటార్ బాధ్యత (కొంతమంది విద్యార్థుల బాగోగులు చూసే పని) తీసుకోవడం. న్యాక్ (కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే జాతీయ సంస్థ) వాళ్లు మెంటార్ వ్యవస్థ గురించి అడుగుతారు కాబట్టి కాగితం మీద ప్రతి కాలేజీలోనూ మెంటార్లుంటారు. చేరడానికి పీజీలో 55 శాతం (రిజర్వేషన్ వర్గాలకు 50), దానిపైన నెట్ (లెక్చరర్లకు జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (అదే రాష్ట్ర స్థాయిలో) కావాలి; ఇంజినీరింగ్‌లో అయితే నెట్ లేకున్నా ఎంటెక్‌తో సరిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే: ఏపీసెట్, టీజీసెట్ అర్హతలు కర్ణాటకలో పనికిరావు. 2002 జూన్ తర్వాత రాసిన సెట్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. కాబట్టి నెట్టో కేసెట్టో (కర్ణాటక సెట్) రాయాల్సిందే.

ఈ దారిలో ఉన్న బలం, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గర మాట చెల్లడం. విద్యార్థి తరఫున రీటెస్ట్ అడిగితే వింటారు. సమయమే చిక్కు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన, ఆపైన ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం. మెంటార్ డైరీ న్యాక్ బృందం వచ్చే ముందు వారంలో ఒకే పెన్నుతో నిండుతుంది. ప్రమోషన్ లెక్కల్లో కూడా కెరీర్ కౌన్సెలింగ్ అనేక పనుల్లో ఒకటి, అంతే.

రెండోది డీమ్డ్ (కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలు), ప్రైవేటు యూనివర్సిటీల్లో ప్రోగ్రామ్ ఆఫీసు లేదా స్టూడెంట్ అఫైర్స్ విభాగం. బోధన ఉండదు, హోదా కాస్త తక్కువ, జీతం లెక్చరర్‌కు అటూ ఇటూ. అయినా అసలు సలహా పని జరిగేది ఇక్కడే. ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది.

యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (కోర్సు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు). అందులో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) 60, మైనర్ (రెండో సబ్జెక్టు) 24, మల్టీడిసిప్లినరీ 9, భాషల వంటి ఎబిలిటీ కోర్సులు 8, స్కిల్ 9. మిగతావి వాల్యూ యాడెడ్ కోర్సులు, ఇంటర్న్‌షిప్. ఒక బీకాం విద్యార్థి మెమోలో మొత్తం 120 కనిపిస్తుంది. విడివిడిగా చూస్తే వాల్యూ యాడెడ్‌లో రెండు ఎక్కువ, ఎబిలిటీలో రెండు తక్కువ. మొత్తం సరిపోయినా డిగ్రీ రాదు. ఆరో సెమిస్టర్ చివర బయటపడితే, ఆ పేపర్ బేసి సెమిస్టర్లోనే పెట్టే కాలేజీలో ఇంకో ఆరు నెలలు ఆగాలి. చేతిలో ఆఫర్ లెటర్ ఉంటే అదీ పోవచ్చు. నాలుగో సెమిస్టర్ ముగియగానే ఒక్కో విభాగానికి ఒక్కో గడి గీసి క్రెడిట్లు సరిచూస్తే ఈ గొడవే ఉండదు. స్వయం (కేంద్రం నడిపే ఆన్‌లైన్ చదువు వేదిక) కోర్సుతో పూడ్చొచ్చు, సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా యూజీసీ ఒప్పుకుంటుంది. కాకపోతే చేరకముందే కాలేజీ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక అడిగితే పని జరగదు.

తెలుగు విద్యార్థులకు ఇంకో పీడ: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగానో చివరనో ఉంటుంది. డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (క్రెడిట్లు జమయ్యే చోటు) ఖాతా తెరిచేటప్పుడు పేరు కలవక క్రెడిట్లు చేరవు. మొదటి సెమిస్టర్లోనే ఆధార్ సరిచేయించాలి.

పైగా ఒకే ఊళ్లో రెండు రూల్ పుస్తకాలు. కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి రాష్ట్ర యూనివర్సిటీల్లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వెళ్లింది. 2021లో చేరిన బ్యాచ్‌ది నాలుగేళ్ల పద్ధతి. డీమ్డ్ యూనివర్సిటీలు తమ సొంత నిబంధనలతో నడుస్తాయి. విద్యార్థి ఏ సంవత్సరం చేరాడో కనుక్కోకుండా నోరు విప్పకూడదు. యూనివర్సిటీ ఆఫీసులో ఫైలు చూసే కేస్ వర్కర్‌తో నాలుగు కన్నడ మాటలు మాట్లాడగలిగితే పని త్వరగా తెములుతుంది. ఇంటినుంచి వచ్చే ఫోన్లకు తెలుగు ఎలాగూ అక్కరకొస్తుంది.

మూడోది విదేశీ విద్య కన్సల్టెన్సీ. డబ్బు త్వరగా కనిపిస్తుంది. కానీ యూకే, ఆస్ట్రేలియా యూనివర్సిటీలు ఏజెంట్‌కు కమిషన్ ఇస్తాయి, సాధారణంగా మొదటి ఏడాది ఫీజులో ఒక వాటా. కమిషన్ ఇవ్వని మంచి యూనివర్సిటీ పేరు మీ నోట రాకపోవడమే అక్కడ ఉద్యోగ ధర్మం. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), బ్యాంకు పత్రాలు, వీసా పద్ధతి నేర్చుకోవడానికి ఏడాది, రెండేళ్లు చాలు.

మా లెక్కలో నెట్ పాసైనవారికి మొదటి దారి మేలు. మిగతా అందరికీ రెండోదే, మొదట్లో జీతం తక్కువైనా సరే. మానసిక కౌన్సెలింగ్‌ను మాత్రం దీంతో కలపొద్దు. విశాఖలో నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని చెప్పింది. అది సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవారి పని. మీ దగ్గరికొచ్చిన విద్యార్థి నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు అన్నాడంటే క్రెడిట్ల షీట్ పక్కన పెట్టి అతన్ని వెంటబెట్టుకుని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు తప్పక అడగండి: ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులు? మార్కులు, అటెండెన్స్ చూసే సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ ఇస్తారా? రెండోదానికి "పరీక్షల విభాగాన్ని అడిగి తెలుసుకోవచ్చు" అన్నారంటే, ఆ కుర్చీలో కూర్చున్నా షార్టేజ్ లిస్టు (అటెండెన్స్ తగ్గినవారి పేర్లు) నోటీసు బోర్డుకు ఎక్కాకే మీకూ తెలుస్తుంది.